ఊరూరా వాక్యం: తెలుగు నేల మీద బైబిలు స్త్రీల జీవితం, సేవ

స్మారకోపన్యాస పాఠం, గోపన్‌పల్లి

బైబిలు స్త్రీ అంటే సంఘమో మిషనో నియమించిన సంచార సువార్తికురాలు. ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపించడం, అందులోని వృత్తాంతాలను కథగా చెప్పడం, కీర్తనలు పాడడం, చదువు రాని ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించడం, రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని. 19వ శతాబ్దం మధ్య నుంచి సుమారు నూరేళ్లపాటు నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా, కడప నుంచి మెదక్ దాకా ఈ పని సాగింది. తెలుగు క్రైస్తవ సంఘం ఇళ్లలోకి వెళ్లింది ఈ స్త్రీల కాళ్ల మీదే. అయినా మిషను చరిత్రల్లో వారికి దక్కిన చోటు చాలా తక్కువ. పెద్ద సభల్లో మాట్లాడిన పురుషుడిని ఆ గ్రంథాలు బోధకుడన్నాయి. పెరట్లో పదిమంది ఆడవాళ్ల ముందు అదే వాక్యం చెప్పిన స్త్రీని సహాయకురాలన్నాయి. ఆమె చేసినదీ బోధే. ఆమె చరిత్రను బోధకురాలి చరిత్రగానే చదవాలి.

పుట్టుక

బైబిలు స్త్రీ అనే ఉద్యోగానికి మూలం లండన్ నగరంలో ఉంది. 1857లో ఎలెన్ రాన్యార్డ్ అనే ఆమె సెయింట్ జైల్స్ ప్రాంతపు పేదవాడల్లో బైబిళ్లు అమ్మడానికి, చదివి వినిపించడానికి అదే వాడలో బతుకుతున్న మరియన్ అనే స్త్రీని నియమించారు. పెద్దింటి స్త్రీ వచ్చి చెబితే తెరుచుకోని తలుపు సాటి పేదరాలు తడితే తెరుచుకుంటుందన్నది ఆమె ఆలోచన. ఈ పద్ధతి కొద్దికాలంలోనే ఇంగ్లండు దాటి ఆసియా దేశాల మిషన్లకు పాకింది.

తెలుగు జిల్లాల్లో దీనికి అవసరం అప్పటికే సిద్ధంగా ఉంది. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ, 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, 1841లో మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ, 1842లో గుంటూరులో లూథరన్లు పని మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో పురుషులు బజారుల్లో, సంతల్లో, తిరునాళ్లలో నిలబడి మాట్లాడేవారు. విన్నవాళ్లు కూడా పురుషులే. ఘోషా పాటించే ఇళ్లలోకి పరాయి మగవాడు వెళ్లడం కుదరదు. ఘోషా లేని ఇళ్లలో కూడా ఆడవాళ్లు కొత్త మగవాడి ముందు కూర్చుని ప్రశ్నలు అడగరు. మిషనరీ దొరసానులు వెళ్లవచ్చు, కానీ వారి తెలుగు పుస్తకాల తెలుగు. పైగా వారు వస్తే ఊరంతా వింతగా చుట్టూ మూగేది. ఇంటి భాషలో ఇంటి మనిషిలా మాట్లాడగల స్త్రీ అవసరం అక్కడ కలిగింది.

ఉద్యోగానికి ఒక పేరు స్థిరపడక ముందే ఆ పని చేసినవారు నెల్లూరులో ఉన్నారు. బాప్టిస్టు చరిత్రలో బాగా తెలిసిన ఘట్టం ఒకటి 1854 జనవరి 1న ఒంగోలులో జరిగింది. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండడంతో తెలుగు మిషనును మూసేయాలని అమెరికాలో చర్చ సాగిన రోజులవి. ఆ ఉదయం ఐదుగురు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థించారు. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే ఉపదేశి, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు, ఆ ముగ్గురిలో ఇద్దరు ఈ నేల మీద పుట్టినవాళ్లు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. జూలియా తర్వాతి కాలంలో నెల్లూరులో బైబిలు స్త్రీగా పనిచేశారు. ఒంగోలు సంఘం కథ చెప్పేటప్పుడు 1866లో అక్కడికి వచ్చిన జాన్ క్లౌ పేరు ముందు వినిపిస్తుంది. ఆయన రాకకు పన్నెండేళ్ల ముందే ఆ ఊరి కోసం ప్రార్థించినవారిలో ఈ ఇద్దరు స్త్రీలున్నారు.

ఈ పనికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది కరువు తర్వాత. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. పనిచోట్ల ఉపదేశులు వాక్యం చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఇలా విశ్వాసంలోకి వచ్చిన కుటుంబాలు వందల పల్లెల్లో చెదిరి ఉండేవి. అక్షరం తెలిసిన స్త్రీ ఏ పల్లెలోనూ దాదాపు లేదు. బాప్తిస్మం ఒక రోజు పని. తల్లులకు ప్రార్థన నేర్పడం, పిల్లలకు కథలు చెప్పడం, పాత మొక్కుబడులకు బదులు కొత్త జీవిత విధానం అలవాటు చేయడం ఏళ్ల తరబడి సాగే పని. ఈ రెండో పని ఉపదేశుల భార్యల మీద, బైబిలు స్త్రీల మీద పడింది. 1871లో అమెరికన్ బాప్టిస్టు స్త్రీలు తమ సొంత మిషనరీ సంఘం పెట్టుకున్నారు. ఇతర శాఖల స్త్రీలూ అదే దారి పట్టారు. దాంతో పెళ్లికాని మిషనరీ స్త్రీలు రావడానికి, బైబిలు స్త్రీలకు జీతాలు ఇవ్వడానికి డబ్బు సమకూరింది.

ఎవరు వీరు

బైబిలు స్త్రీలలో ఎక్కువమంది విధవలు. పెళ్లయిన స్త్రీకి ఊళ్లు తిరగడం భర్త అనుమతి మీద, పిల్లల వయసు మీద ఆధారపడేది. విధవకు ఆ బంధం లేదు, బతుకుతెరువు కూడా లేదు. మిషను ఇచ్చిన కొద్దిపాటి జీతం ఆమెను పుట్టింటి మీదా అత్తింటి మీదా ఆధారపడకుండా నిలబెట్టింది. మిగిలినవారిలో ఉపదేశుల భార్యలు, మిషను బడిలో చదువుకున్న యువతులు, భర్త వదిలేసిన స్త్రీలు ఉన్నారు. పుట్టుకను బట్టి చూస్తే మాల, మాదిగ కుటుంబాలవారు అధికం. కొద్దిమంది శూద్ర కులాల నుంచి, మరీ కొద్దిమంది బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చారు.

శిక్షణ మొదట్లో దొరసాని బంగళా వరండాలో సాగేది. ఉదయం పాఠం, మధ్యాహ్నం ఊళ్లోకి వెళ్లడం, సాయంత్రం వచ్చి ఏం చెప్పారో ఒప్పజెప్పడం. 1872లో రామాపట్నంలో బాప్టిస్టుల వేదాంత పాఠశాల మొదలైనప్పుడు విద్యార్థులతోపాటు వారి భార్యలకూ చదువు చెప్పారు. తర్వాత స్త్రీల కోసమే ప్రత్యేక శిక్షణాలయాలు వచ్చాయి. రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ పేరుమీద లూథరన్లు, తునిలో ఈవా రోజ్ యార్క్ పేరుమీద కెనడియన్ బాప్టిస్టులు నడిపిన బైబిలు శిక్షణాలయాలు వాటిలో ముఖ్యమైనవి. బైబిలు, కీర్తనలు, పరిశుభ్రత, పసిపిల్లల పెంపకం, కుట్టుపని కలిపి నేర్పేవారు. చదవడం రాక వచ్చిన స్త్రీ కొన్నేళ్లకు సువార్త పుస్తకం చేతపట్టి నలుగురి ముందు గట్టిగా చదివి వివరించే స్థాయికి ఎదిగేది.

స్త్రీ నోట ధర్మబోధ వినడం తెలుగువారికి కొత్త కాదు. తరిగొండ వెంగమాంబ పదాలు, కావ్యాలు రాయలసీమ ఇళ్లలో పాడుకున్నారు. మాదిగవాడల్లో రాజయోగం బోధించిన స్త్రీ గురువులు కూడా ఉండేవారు. బైబిలు స్త్రీ చెప్పే విషయం ఊరికి కొత్తది. ఆడమనిషి కూర్చుని పాడుతూ చెబితే చుట్టూ చేరి వినే అలవాటు మాత్రం ఊరికి పాతదే. ఆమె పని అల్లుకున్నది ఆ అలవాటు మీదే.

పని సాగిన తీరు

బైబిలు స్త్రీలు సాధారణంగా ఇద్దరిద్దరుగా వెళ్లేవారు. ఒంటరి స్త్రీ ఊరి దారిన నడిస్తే వచ్చే నిందలకు, ప్రమాదాలకు ఇదే రక్ష. ఇద్దరిలో ఒకరు పెద్దవయసు స్త్రీ అయితే ఇంట్లోకి రానిచ్చేవారు. చంకన సంచి, అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, అమ్మడానికి అణా కానీల సువార్త పుస్తకాలు, చుట్టి పెట్టిన రంగుల చిత్రపటాలు ఉండేవి. పొద్దున్నే మగవాళ్లు పొలాలకు వెళ్లాక, వంట ముగిశాక ఆడవాళ్లకు దొరికే కొద్దిపాటి తీరిక వేళకు చేరేలా బయల్దేరేవారు.

ఇంటి ముందు నిలబడి ముందుగా పాట ఎత్తుకునేవారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు అప్పటికే తెలుగు సంఘాల్లో వాడుకలో ఉండేవి. అవి తెలుగు రాగాల్లో, తెలుగు నడకలో ఉండడం వల్ల విన్నవాళ్లు వెంటనే అందుకునేవారు. పాట వినగానే పక్కిళ్లవాళ్లు వచ్చేవారు. అప్పుడు చిత్రపటం విప్పి కథ మొదలుపెట్టేవారు. బావి దగ్గర నీళ్లు అడిగిన యేసు, తప్పిపోయిన కుమారుడు, విధవ వేసిన రెండు కాసులు, రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీ. ఆడవాళ్ల బతుక్కి దగ్గరగా ఉన్న ఈ ఘట్టాలే బైబిలు స్త్రీల బోధలో ఎక్కువగా నిలిచాయి. సిద్ధాంత వాదన వారి పద్ధతి కాదు. కథ చెప్పి, సొంత సాక్ష్యం చెప్పి, విన్నవారి కష్టం అడిగి, దానికోసం ప్రార్థన చేసి లేచేవారు. మళ్లీ వారం వచ్చినప్పుడు పోయినసారి చెప్పింది ఎంత గుర్తుందో అడిగేవారు.

వర్షాలు తగ్గాక, కార్తీకం నుంచి మాఘం దాకా పెద్ద పర్యటనలు. దొరసానితో కలిసి ఎద్దుబండిలో డేరాలు వేసుకుని ఊరి బయట మామిడి తోపులో మకాం పెట్టేవారు. చుట్టూ నాలుగైదు మైళ్లలో ఉన్న పల్లెలన్నీ కాలినడకన చుట్టి, తర్వాతి మకాంకు కదిలేవారు. గోదావరి జిల్లాల్లో కాలువలే దారులు. కెనడియన్ బాప్టిస్టు స్త్రీలు ఇంటిపడవల్లో కాలువ వెంట సాగుతూ గట్టు పక్క ఊళ్లలో దిగేవారు. ఆ పడవల్లో తెలుగు బైబిలు స్త్రీలు ఎప్పుడూ ఉండేవారు. దొరసాని పేరుతో నివేదికల్లో నమోదైన బోధలో పెద్ద భాగం నిజానికి వారి నోటి మాట.

నెలకోసారి కేంద్రానికి వచ్చి లెక్క చెప్పాలి. ఎన్ని ఇళ్లు, ఎంతమంది విన్నారు, ఎన్ని పుస్తకాలు అమ్ముడుపోయాయి, ఎవరికి అక్షరాలు వచ్చాయి అన్నవి దొరసాని రాసుకునేది. ఆ లెక్కలు ఇంగ్లీషులోకి మారి అమెరికాకు, కెనడాకు, ఇంగ్లండుకు వెళ్లి చందాదారుల పత్రికల్లో అచ్చయ్యేవి. ఒక్కో బైబిలు స్త్రీ జీతం ఒక్కో విదేశీ సంఘపు స్త్రీలు భరించే ఏర్పాటు ఉండేది. ఈ ఏర్పాటు వల్ల పని నిలిచింది. ఈ ఏర్పాటు వల్లనే చరిత్రకు లోపం కూడా వచ్చింది. దాతలకు తెలియడానికి రూతు, లూదియ, మార్త అనే ఒక్క బాప్తిస్మపు పేరు చాలింది. ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, మరణించిన తేదీ రాయాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

వైద్యం ఈ పనికి మరో ద్వారం తెరిచింది. అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. మిషను ఆసుపత్రుల్లో వరుసలో కూర్చున్న రోగులకు బైబిలు స్త్రీ చదివి వినిపించేది. మందు తీసుకుని ఇంటికి వెళ్లిన స్త్రీని తర్వాత ఆమె ఊళ్లోనే పలకరించేది. ఆసుపత్రి పరిచయం మీద అగ్రవర్ణ ఇళ్ల తలుపులు కూడా తెరుచుకున్నాయి. కలరా, మశూచి ఊళ్లను తుడిచిపెట్టిన ఏళ్లలో బంధువులు సైతం దగ్గరికి రాని రోగుల మంచం పక్కన బైబిలు స్త్రీ కూర్చునేది. ఆమెకు ఊరిలో గౌరవం తెచ్చింది ఎక్కువగా ఇదే.

కులం గడప దగ్గర

మాల, మాదిగవాడల్లో పుట్టిన బైబిలు స్త్రీ అగ్రవర్ణ ఇంటికి వెళ్లడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. చాలాచోట్ల ఆమెను వాకిలి దాటనివ్వలేదు. పెరట్లోనో, అరుగు కిందో, పశువుల పాక దగ్గరో నిలబడి వాక్యం చెప్పింది. ఆమె వెళ్లాక ఆ చోట నీళ్లు చల్లుకున్న ఇళ్లున్నాయి. అయినా ఆమె మళ్లీ వెళ్లింది. ఆ గడప అవతల కూర్చున్న స్త్రీకి చదవడం రాదు, ఇవతల నిలబడిన స్త్రీ పుస్తకం తెరిచి చదువుతోంది. వేల ఏళ్లుగా ఎవరికి అక్షరం నిషిద్ధమో వారే అక్షరం పంచుతున్న దృశ్యం తెలుగు పల్లెల్లో మొదటిసారి కనిపించిన చోట్లలో ఇది ఒకటి. తెలుగు సమాజ చరిత్రలో బైబిలు స్త్రీల స్థానం అంచనా వేసేవారు ముందుగా చూడవలసినది దీన్నే.

వారి బోధ ప్రతిసారీ బాప్తిస్మంతో ముగియలేదు. ఇళ్లలో విన్న స్త్రీలు చాలామంది రహస్యంగా ప్రార్థించేవారు, ఆదివారం గుడికి రాలేకపోయేవారు. బాప్తిస్మం తీసుకుంటే పుట్టిల్లు, అత్తిల్లు, ఆస్తి, పిల్లలు దూరమయ్యే ప్రమాదం ఉండేది. తీసుకున్న కొద్దిమంది ఆ మూల్యం చెల్లించారు. కుటుంబాలు చీలిన బాధ, మతం మార్చడానికే వస్తున్నారన్న ఊరి కోపం, వలస పాలకుల అండ ఉన్నవారన్న అనుమానం బైబిలు స్త్రీల వెంటే నడిచాయి. ఈ ఒత్తిడి మొదట తగిలింది వారికే. దొరసాని బంగళాకు తిరిగివెళ్లగలదు, వారు మాత్రం ఆ ఊళ్ల మధ్యే బతకాలి.

దేశంలోనూ బయటా

తెలుగు బైబిలు స్త్రీల పని ఒంటరిగా సాగలేదు. బానిసగా పుట్టి, బట్టలు ఉతికి బతికిన ఆఫ్రికన్ అమెరికన్ బోధకురాలు అమాండా స్మిత్ 1879 చివర భారతదేశం వచ్చి సుమారు రెండేళ్లు పలు నగరాల్లో ప్రసంగించారు. చిన్ననాటి నుంచి తల్లిదండ్రులతో దేశమంతా కాలినడకన తిరిగి పురాణం చెప్పిన పండిత రమాబాయి (1858–1922) క్రైస్తవురాలయ్యాక కేడ్గావ్‌లో ముక్తి సదనం నడిపారు. 1905లో అక్కడ మొదలైన ఉజ్జీవంలో యువతులు జట్లుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి బోధించారు. ఆ ఉజ్జీవపు గాలి 1906 నాటికి తెలుగు బాప్టిస్టు సంఘాలనూ తాకింది. పురుషుల సమక్షంలో నోరెత్తని స్త్రీలు సంఘం మధ్య నిలబడి గట్టిగా ప్రార్థించడం, సాక్ష్యం చెప్పడం ఆ కూడికల్లో జరిగింది. స్త్రీ నోటి వాక్యాన్ని సంఘం మొత్తం వినడం అక్కడి నుంచి క్రమంగా అలవాటైంది.

నైజాం ప్రాంతం

నైజాం రాజ్యంలో మిషన్ల పని బ్రిటిష్ జిల్లాలకంటే ఆలస్యంగా మొదలై, 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో విస్తరించింది. 1874లో సికింద్రాబాద్–వాడి రైలుమార్గం తెరుచుకుంది. ఇప్పటి గోపన్‌పల్లికి చేరువలో ఉన్న లింగంపల్లి మీదుగా అది వికారాబాద్, తాండూరు వైపు సాగుతుంది. ఆ మార్గాన ఉన్న వికారాబాద్, తాండూరు అమెరికన్ మెథడిస్టులకు కేంద్రాలయ్యాయి. స్టేషనులో దిగి చుట్టూ ఉన్న పల్లెలకు బండిలోనో నడిచో వెళ్లడం అక్కడి పద్ధతి.

మెదక్ వైపు ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. చార్లెస్ పోస్నెట్ పేరు 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్‌తో ముడిపడి ఉంది. ఆయన సోదరి ఎమిలీ పోస్నెట్, ఆమె సహచరి సారా హారిస్ అక్కడ వైద్యం, స్త్రీల మధ్య బోధ కలిపి నడిపారు. వారి కింద తెలుగు బైబిలు స్త్రీలు ఊళ్లు తిరిగారు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య, ఆయన భార్య అన్బు పల్లె ఉపదేశుల భార్యలకు శిక్షణ ఇచ్చి, వారినే స్త్రీల మధ్య బోధకులుగా నిలబెట్టారు. హైదరాబాద్‌కు దక్షిణాన మెన్నోనైట్ బ్రదరెన్ మిషను నాగర్‌కర్నూల్, శంషాబాద్ కేంద్రాలుగా పనిచేసింది. ఆ మిషను తరఫున 1907లో వచ్చిన డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బెర్గ్ 1945 జనవరి 1న శంషాబాద్‌లోనే కన్నుమూశారు.

నైజాం పల్లెల్లో స్త్రీల పరిస్థితి కోస్తాకంటే కఠినం. వెట్టిచాకిరి, దొరల గడీలు, ఉర్దూ పాలన వల్ల తెలుగు బడి లేకపోవడం. ఈ పల్లెల్లో బైబిలు స్త్రీ తెచ్చిన తెలుగు పుస్తకమే చాలామంది స్త్రీలు చూసిన మొదటి పుస్తకం. రాత్రి భోజనాలయ్యాక దీపం చుట్టూ కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించడం, పాట కంఠతా పట్టించడం ఇక్కడ ఆమె పనిలో ప్రధాన భాగమైంది.

బత్తినేని వెంకట సుబ్బమ్మ

బైబిలు స్త్రీల పరంపర నుంచి ఎదిగి, ఆ పనిని చదువుతో, రచనతో, ప్రపంచ వేదికతో కలిపిన వ్యక్తి బి.వి. సుబ్బమ్మ. గుంటూరు జిల్లా బోడిపాలెంలో కమ్మ రైతు కుటుంబంలో పుట్టారు. మిషను బడి చదువుతో క్రైస్తవ విశ్వాసానికి వచ్చారు. తన కులం నుంచి, కుటుంబం నుంచి ఎదురైన ప్రశ్నలను జీవితాంతం ఆలోచనకు ముడిసరుకు చేసుకున్నారు. రాజమండ్రిలోని షార్లెట్ స్వెన్సన్ శిక్షణాలయంలో బోధించి, దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. అంటే బైబిలు స్త్రీలను తయారుచేసే చోటికే అధిపతి అయ్యారు. విద్యార్థినులను వెంటబెట్టుకుని ఊళ్లలోకి వెళ్లడం ఆ శిక్షణలో భాగం.

అమెరికాలోని ఫుల్లర్ సెమినరీలో చదివి 1970లో ఆమె ఇంగ్లీషులో ప్రచురించిన గ్రంథం ఆంధ్రలో హిందువుల మధ్య శిష్యత్వానికి కొత్త పద్ధతులు ప్రతిపాదించింది. ఆంధ్ర లూథరన్ సంఘంలో అత్యధికులు మాల, మాదిగ సముదాయాలవారు. అగ్రవర్ణ స్త్రీలు ఇళ్లలో వాక్యం విని నమ్మినా సంఘంలో చేరలేకపోతున్నారు. క్రీస్తును నమ్మడమంటే తన సముదాయాన్ని విడిచి మరో సముదాయంలో కలవడంగా వారికి కనిపిస్తోంది. ఈ అడ్డంకి విశ్వాసానికి సంబంధించింది కాదు, సామాజికమైనదని ఆమె విశ్లేషించారు. బంధుత్వాలు తెంచుకోకుండానే విశ్వసించే మార్గం ఉండాలని, ఇళ్లలో కూడికలు జరగాలని, నేల మీద కూర్చుని భజన, కథాకాలక్షేపం వంటి తెలుగు రీతుల్లో ఆరాధించాలని ఆమె ప్రతిపాదన.

ఈ ఆలోచనకు ఆచరణ రూపం ఆమె నడిపిన స్త్రీల ఆశ్రమాలు. ఇంటి పనుల నుంచి కొద్ది రోజులు విడుదలై స్త్రీలు ఒకచోట చేరి కలిసి వండుకుని, కలిసి తిని, బైబిలు చదివి, ఒకరి కష్టం ఒకరు విని ప్రార్థించేవారు. బైబిలు స్త్రీ ఇంటింటికీ వెళ్లి చేసిన పనిని సుబ్బమ్మ ఇళ్ల నుంచి స్త్రీలను ఒకచోటికి రప్పించి చేశారు. 1974 జూలైలో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్తీకరణ మహాసభలో స్త్రీల మధ్య సువార్త పని గురించి ఆమె పత్రం సమర్పించారు. ఆంధ్ర పల్లెల అనుభవం ఆమె ద్వారా అక్కడికి చేరింది.

ఆమె ప్రతిపాదన విమర్శకు అతీతం కాదు. కులాన్ని బట్టి వేరువేరు గుంపులుగా సంఘం ఏర్పడితే కులాన్ని సంఘమే కాపాడినట్లవుతుందని దళిత క్రైస్తవ ఆలోచనాపరులు వాదించారు. మొదటి నుంచీ సంఘాన్ని మోసినది దళిత కుటుంబాలే. వారి పక్కన కూర్చోలేని విశ్వాసం ఎంతవరకు విశ్వాసమన్నది వారి ప్రశ్న. పెరట్లో నిలబడి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్న బరువు మరింత తెలుస్తుంది. సుబ్బమ్మ గుర్తించిన అడ్డంకి నిజం, ఆమె చూపిన మార్గానికి వచ్చిన అభ్యంతరమూ న్యాయమైనదే. రెండింటినీ కలిపి చదివితేనే తెలుగు సంఘం ఎక్కడ నిలిచి ఉందో అర్థమవుతుంది.

ప్రసంగ వేదిక దాకా

బైబిలు స్త్రీలు ఊళ్లలో బోధించినా, గుడిలో ప్రసంగ వేదిక, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజన సంస్కారం పురుషుల చేతుల్లోనే ఉండిపోయాయి. ఆమె బోధ వల్ల నమ్మినవారికి బాప్తిస్మం ఇవ్వడానికి వేరే ఊరి నుంచి పాస్టరు రావాలి. స్వాతంత్ర్యం తర్వాత మిషనరీలు క్రమంగా వెళ్లిపోయారు, విదేశీ చందాలు తగ్గాయి. సంఘ నిర్వహణ భారతీయుల చేతికి వచ్చింది. కాని ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందుగా పోయినవి బైబిలు స్త్రీల ఉద్యోగాలే. వారు చేసిన పనిలో కొంత స్త్రీల సమాజాలు, కొంత పాస్టర్ల భార్యలు జీతం లేకుండా చేపట్టారు.

గురు అభిషేకం స్త్రీలకు చాలా ఆలస్యంగా అందింది. 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తర్వాతి దశాబ్దాల్లో స్త్రీల అభిషేకానికి ఒప్పుకుంది. లూథరన్ సంఘం ఆ తర్వాత చాలాకాలానికి ఆ దారికి వచ్చింది. 2013లో కర్నూలు జిల్లాకు చెందిన ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయోసిస్ బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి స్త్రీ ఆమె. కడప, కర్నూలు పల్లెల్లో బైబిలు స్త్రీలు తిరిగిన నేల నుంచే ఆ మొదటి బిషప్పు రావడం చరిత్రలో సహజంగా అమరింది. కొద్దిపాటి జీతంతో, పేరు లేని స్త్రీలు నూరేళ్లు బోధించాక వారి మనుమరాళ్ల తరానికి ఆ బోధ అధికారికంగా గుర్తింపు పొందింది. అభిషేకానికి ఒప్పుకోని సంఘాలు ఇంకా ఉన్నాయి. అక్కడ కూడా స్త్రీల కూడికల్లో, ఉపవాస ప్రార్థనల్లో వాక్యం చెబుతున్నది స్త్రీలే.

గోపన్‌పల్లి, ఐటీ కారిడార్

ఈ ఉపన్యాసానికి వేదికైన గోపన్‌పల్లి హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి, లింగంపల్లి స్టేషనుకు చేరువలో ఉన్న ఊరు. ఒకప్పుడు పొలాలు, చెరువులు, తండా ఉన్న ఈ చోటు చుట్టూ ఇప్పుడు ఐటీ క్యాంపస్‌లు, విల్లాలు, బహుళ అంతస్తుల కట్టడాలు లేచాయి. నల్లగండ్ల, తెల్లాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పనులకు వచ్చినవాళ్లు ఇక్కడా పరిసరాల్లో ఉంటారు. కట్టడాల కూలీలు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, నర్సులు, హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు వారిలో ఉన్నారు.

బైబిలు స్త్రీ అనే ఉద్యోగం ఇలాంటి ఊళ్లలో పేరుకు లేదు. పని మాత్రం ఉంది. ఆదివారం కూడా షిఫ్టు ఉన్నవాళ్లకు, మేస్త్రి సెలవు ఇవ్వని కూలీకి, రాత్రంతా డ్యూటీ చేసి పగలు నిద్రపోయే నర్సుకు గుడి సమయం కుదరదు. అలాంటివారి గదులకు వెళ్లి ప్రార్థించే స్త్రీలు, శుక్రవారం ఉపవాస కూడిక నడిపే పాస్టరమ్మలు, ఫోనులో వాక్యం పంపి మళ్లీ పిలిచి బాగోగులు అడిగేవాళ్లు చేస్తున్నది ఆ పాత పనే. ఆనాడు ఘోషా అడ్డం, ఈనాడు పని వేళలు అడ్డం. గడప దాటి రాలేని మనిషి దగ్గరికి వాక్యం చెప్పేవారే నడిచి వెళ్లాలన్న సూత్రం మారలేదు. టీవీలో, యూట్యూబ్‌లో స్త్రీలు చేసే ప్రసంగాలు లక్షలమందికి చేరుతున్నాయి. అవి గొంతును దూరం తీసుకెళ్తాయి. జ్వరంతో పడుకున్న మనిషి పక్కన కూర్చోవడం మాత్రం ఇప్పటికీ నడిచి వెళ్లినవారి చేతుల్లోనే ఉంది.

చరిత్రకు మిగిలిన పని

బైబిలు స్త్రీల చరిత్రకు ఆధారాలు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి, మిషను నివేదికలు, పత్రికలు. వాటిలో పేరు, ఊరు, పని లెక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. రెండు, సంఘాల బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు. దాతల పత్రికల్లో రూతు అని మాత్రమే ఉన్న స్త్రీకి ఈ రిజిస్టరులో భర్త పేరు, ఇంటిపేరు దొరకవచ్చు. మూడు, కుటుంబాల జ్ఞాపకం. తమ నాయనమ్మ బైబిలు స్త్రీ అని చెప్పుకునే కుటుంబాలు తెలుగు జిల్లాలన్నింటా ఉన్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఒక్క పేరుతో మిగిలిన స్త్రీకి జీవితచరిత్ర ఏర్పడుతుంది. రిజిస్టర్లు చెదలు పట్టకముందే, ముసలివారి జ్ఞాపకాలు పోకముందే సంఘాలు, విశ్వవిద్యాలయాలు ఈ పని చేయాలి.

ఆ పని జరిగితే తెలుగు సాహిత్య చరిత్ర, విద్యా చరిత్ర, స్త్రీల చరిత్ర కూడా కొంత మారతాయి. పల్లె దళిత స్త్రీకి అక్షరం ఎలా అందింది, అగ్రవర్ణ ఇంటి స్త్రీ మొదటిసారి పుస్తకం ఎప్పుడు పట్టింది, కీర్తన వాడవాడకూ ఎలా చేరింది అన్న ప్రశ్నలకు సమాధానాల్లో గణనీయమైన భాగం వీరి దగ్గర ఉంది. సంఘ చరిత్రలో వీరికి రావాల్సిన స్థానం మరింత స్పష్టం. మొదటి తరాల్లో విశ్వాసానికి వచ్చిన తెలుగు స్త్రీలలో అత్యధికులు వాక్యాన్ని మొదట విన్నది ప్రసంగ వేదిక నుంచి కాదు, తమ వాకిట్లో కూర్చున్న మరో స్త్రీ నోటి నుంచి. ఆ స్త్రీని సంఘం తన తొలి బోధకుల జాబితాలో రాసుకోవాలి.